జాబితాలో మన పేరు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఎన్నికలు అనగానే మనకి ముందు గుర్తుకొచ్చేవి మైకులు, జెండాలు, ఊరేగింపులు. మధ్యాహ్నం పనంతా అయి కాస్త నడుం వాలుద్దామనుకునేసరికి వీధిలో ఆటోకి కట్టిన మైకు మొదలవుతుంది. "ఎందుకొచ్చిన గొడవ, ఇది మగవాళ్ళ వ్యవహారం" అని కిటికీ తలుపు వేసుకుని మన పని మనం చూసుకోవడం చాలా ఇళ్ళల్లో మామూలే. పోలింగు రోజున మాత్రం అందరితో బాటు వెళ్ళి ఓటు వేసి వస్తాం. వేలి మీద సిరా గుర్తు చూసుకుంటాం. అంతటితో మన వంతు అయిపోయిందనుకుంటాం.

నిజానికి ఓటు పోలింగు రోజున మొదలవదండీ. అంతకు ఎన్నో నెలల ముందే, ఒక కాగితం మీద మన పేరు ఎక్కడంతో మొదలవుతుంది. ఆ పేరు లేకపోతే ఎంత చదువుకున్నావిడైనా సరే, పాతికేళ్ళుగా ఆ వీధిలోనే కాపురం వుంటున్నావిడైనా సరే, పోలింగు బూతు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావలసిందే. అందుకని ఇవాళ పార్లమెంటు ఎన్నిక ఎలా జరుగుతుందో, అందులో ఆ పేరుకి వున్న విలువేమిటో కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. లోక్‌సభలో అప్పుడు 489 స్థానాలు. ఓటర్లు 17 కోట్ల మందికి పైగా. అంతమంది పేర్లు ఇంటింటికీ తిరిగి రాయాలి. రాసేవాళ్ళు గుమ్మం ముందు నిలబడి "అమ్మా, మీ పేరేమిటి?" అని అడిగితే, ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు పేరు చెప్పలేదట. "ఫలానా వారి భార్యని", "ఫలానా వాడి తల్లిని" అని మాత్రమే చెప్పారు. పరాయి మగవాడి ముందు పేరు చెప్పుకోవడం మర్యాద కాదని వాళ్ళ ఆచారం. రాసేవాళ్ళు కూడా అలాగే రాసుకుపోయారు.

అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారు దానికి ఒప్పుకోలేదు. ఓటరంటే ఒక మనిషి, ఆ మనిషికి సొంత పేరు వుండాలి, లేకపోతే ఎవరి ఓటు ఎవరు వేస్తున్నారో ఎలా తెలుస్తుందని ఆయన వాదం. పేర్లు సరిదిద్దమన్నారు. కొన్నిచోట్ల గడువు కూడా పెంచారు. అయినా చెప్పనివారు చెప్పనే లేదు. చివరికి దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. 28 లక్షల మంది! స్వతంత్ర దేశంలో వచ్చిన మొట్టమొదటి ఓటు, పేరు చెప్పని కారణాన పోయింది. ఆ దెబ్బతో తరువాతి ఎన్నికల నాటికి పరిస్థితి చాలావరకు మారింది.

"ఆ ఆచారం మనవైపు లేదుగా" అంటారేమో. నిజమే, అంత లేదు. కాని ఒక్కసారి మన వీధి సంగతే ఆలోచించండి. ఎదురింటావిడని మనం పేరుతో పిలుస్తామా? "బ్యాంకు ఆఫీసరుగారి భార్య", "మేడ మీద పిన్నిగారు", "బాబు వాళ్ళమ్మ" అంటాం. పదేళ్ళ స్నేహమున్నా అసలు పేరు అడిగితే తడుముకుంటాం. పెళ్ళిపత్రికల మీద, ఇంటి ముందు బోర్డు మీద, కరెంటు బిల్లు మీద ఎక్కువగా కనిపించేది మగవాళ్ళ పేరే. గృహిణి పేరు ఇంటిపేరుకీ భర్త పేరుకీ తోకగా కాకుండా, తనకంటూ ఒక నంబరుతో, తన ఫోటోతో ప్రభుత్వం దగ్గర వుండే కొద్దిపాటి పుస్తకాల్లో ఓటర్ల జాబితా ఒకటి. అందులో భర్త పేరో తండ్రి పేరో వుంటుంది, కాని అది మన పేరు కింద వుంటుంది.

ఇంతకీ ఈ హక్కు మనకి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో వుండేది. ఆ మద్రాసు శాసనమండలి 1921లోనే స్త్రీలకు ఓటు ఇవ్వడానికి ఒప్పుకుంది. వినడానికి బాగానే వుంది. కాని ఆస్తి వున్నవారికి, పన్ను కట్టేవారికి మాత్రమే ఆ ఓటు. ఆ రోజుల్లో ఆడవారి పేర ఆస్తి ఎంతమందికి వుండేది చెప్పండి? 1935 చట్టం వచ్చాక చదవను రాయను వచ్చినవారికి, ఆస్తిపరుల భార్యలకి కూడా కొంత దారి ఇచ్చారు. అప్పటికీ అది పిడికెడు మందికే. 1950లో మన రాజ్యాంగం అమలులోకి వచ్చాకే, ఆస్తి వున్నా లేకపోయినా, అక్షరం వచ్చినా రాకపోయినా, 21 ఏళ్ళు నిండిన ప్రతివారికీ ఓటు వచ్చింది. ఆ వయస్సును 1989లో 18 ఏళ్ళకు తగ్గించారు.

బాగా డబ్బూ చదువూ వున్న స్విట్జర్లాండు దేశంలో జాతీయ ఎన్నికలలో స్త్రీలకు ఓటు 1971లో గాని రాలేదు. అంటే మన అమ్మమ్మలు నాలుగుసార్లు పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేసేదాకా అక్కడివారికి ఆ భాగ్యం లేదు.

ఇంకో దూరదేశం సంగతి చెబుతాను. అమెరికా ఖండానికి దగ్గరగా కరిబియన్ సముద్రంలో ట్రినిడాడ్ అని ఒక దీవి వుంది. క్రికెట్టు వినే ఇళ్ళలో వెస్టిండీస్ పేరు తెలియనివారుండరు, ఆ ప్రాంతమే. బ్రిటిషు వాళ్ళు చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ఓడల మీద అక్కడికీ, దగ్గరలోని గయానాకీ తీసుకుపోయారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారిలో తమిళులతో బాటు మన తెలుగువారూ వున్నారు. అక్కడ అందరినీ కలిపి "మద్రాసీలు" అనేవారు.

ఆ ట్రినిడాడ్‌లో వయోజనులందరికీ ఓటు ఇచ్చి మొదటి ఎన్నిక 1946లో జరిగింది. దానికి ముందు ఒక కమిటీ కూర్చుని, ఇంగ్లీషు అర్థమయ్యేవారికే ఓటు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ మాట అమలైతే తోటల్లో పనిచేసే భారతీయులలో ఎంతోమంది, ముఖ్యంగా బడి మొహం చూడని ఆడవారు, జాబితాలోకి ఎక్కేవారే కారు. అక్కడి భారతీయ సంతతివారంతా ఒక్కటై గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ షరతు ఎత్తేశారు. తరువాత 64 ఏళ్ళకి, 2010లో, అలా వెళ్ళిన కూలీల వంశంలో పుట్టిన కమలా పర్సాద్ బిసెసర్ అనే ఆవిడ ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని అయింది. 2015లో ఓడిపోయింది. 2025 ఏప్రిల్ ఎన్నికలలో మళ్ళీ గెలిచి ప్రధాని అయింది. వాళ్ళదీ మనలాంటి పార్లమెంటు పద్ధతే. ప్రజలు తమ ప్రాంతం నుంచి ఒక సభ్యుణ్ణి పంపుతారు, సభలో ఎక్కువమంది బలపరచినవారు ప్రధాని అవుతారు. మన లోక్‌సభలో 543 స్థానాలైతే వాళ్ళకి 41. అంతే తేడా.

ఇప్పుడు మన బెజవాడ సంగతికి వద్దాం. 1952 నుంచి 2024 దాకా మన దేశంలో లోక్‌సభకి 18 సార్లు సాధారణ ఎన్నికలు జరిగాయి. మొదటిసారి విజయవాడ గెలిపించింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయగారిని. ఆయన సరోజినీ నాయుడుగారి తమ్ముడు, కవి, నటుడు. కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రంగా నిలబడ్డారు. హిందీ 'బావర్చి' సినిమా చూసినవారికి అందులో చిరాకుపడే తాతగారు గుర్తుంటే, ఆయనే ఈయన.

రెండో ఎన్నికలో, 1957లో, విజయవాడ ఒక స్త్రీని గెలిపించింది. ఆవిడ డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె. స్త్రీల చరిత్రలు రాసిన భండారు అచ్చమాంబగారు ఈవిడకి మేనత్త. మన ఊళ్ళో ఆడవారికి పురుళ్ళు పోసి, వైద్యం చేసి పేరు తెచ్చుకున్న డాక్టరమ్మ. స్వతంత్రం వచ్చిన పదేళ్ళకే ఈ ఊరు ఒక డాక్టరమ్మను ఢిల్లీకి పంపిందంటే మనం గర్వపడవలసిందే కదా.

తరువాత 1962 నుంచి మూడుసార్లు డాక్టరు కె.ఎల్. రావుగారు గెలిచారు. మన కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా చేశారు. పులిచింతల ప్రాజెక్టుకి పెట్టింది ఆయన పేరే. 1977లో గోడే మురహరిగారు గెలిచి లోక్‌సభ ఉపసభాపతి అయ్యారు. 1980లో మళ్ళీ ఒక స్త్రీ గెలిచారు. చెన్నుపాటి విద్యగారు. నాస్తికోద్యమ నాయకులు గోరాగారి కుమార్తె. వాసవ్య మహిళా మండలి ద్వారా స్త్రీల కోసం పనిచేసినావిడ. 1989లో ఆవిడే రెండోసారి గెలిచారు.

లెక్క చూడండి. 18 ఎన్నికలు. అందులో మూడుసార్లు స్త్రీలు గెలిచారు, ఇద్దరు స్త్రీలు. 1989 తర్వాత 2024 దాకా విజయవాడ నుంచి లోక్‌సభకి స్త్రీ గెలవనే లేదు. మొదట్లో అంత ముందున్న ఊరు తరువాత ఎందుకు వెనకబడిందన్నది మనమంతా ఆలోచించవలసిన ప్రశ్న. దేశం మొత్తం మీద 2024లో గెలిచిన 543 మందిలో స్త్రీలు 74 మంది. ఏడో వంతు కూడా లేరు. లోక్‌సభలో, శాసనసభలలో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించాలని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు. అయితే ఆ తరువాత జరిగే జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అది అమలవుతుందని ఆ సవరణలోనే రాశారు.

కూర్చునేవారి సంగతి అలా వుండగా, ఓటు వేసేవారి సంగతి వేరు. 1962లో దేశంలో మగవారు నూటికి 63 మంది ఓటు వేస్తే, ఆడవారు 47 మంది కూడా వేయలేదు. 2019లో, 2024లో మగవారి కంటే ఆడవారి శాతమే కాస్త ఎక్కువ. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జాబితా ప్రకారం స్త్రీ ఓటర్ల సంఖ్యే పురుషుల కంటే ఎక్కువ. ఇంట్లో చీటికీమాటికీ "నీకేం తెలుసు, వూరుకో" అనిపించుకునేవాళ్ళమే రాష్ట్రం లెక్కలో పెద్ద సగం అయ్యాం.

ఇక "నా ఓటు ఎక్కడ?" అన్న ప్రశ్న. విజయవాడ లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. విజయవాడ తూర్పు, పడమర, సెంట్రల్, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు. ఇందులో చిన్న తిరకాసు వుంది. బందరు రోడ్డు మీద పటమట దాటి కానూరు, పోరంకి వైపు వెళితే ఊరు మారినట్టే అనిపించదు. అవే దుకాణాలు, అవే సిటీ బస్సులు. కాని అది పెనమలూరు నియోజకవర్గం. అక్కడివారు ఓటు వేసేది మచిలీపట్నం ఎంపీకి. అలాగే ప్రకాశం బ్యారేజి దాటి తాడేపల్లి వెళితే అది మంగళగిరి నియోజకవర్గం, గుంటూరు లోక్‌సభ స్థానం. పటమటలో పుట్టిన పిల్లని పోరంకి సంబంధం ఇచ్చామనుకోండి, పట్టుమని పదిహేను నిమిషాల దూరమే. అయినా ఆ పిల్లకి ఎంపీ మారిపోయారు. పుట్టింటి జాబితాలో పేరు అక్కడే వుండిపోతుంది, అత్తింటి జాబితాలో ఎవరూ ఎక్కించరు. ఇలా మధ్యలో పడిపోయే ఓట్లు ఆడవారివే ఎక్కువ. ఎందుకంటే పెళ్ళయితే ఇల్లు మారేది మనమే కదా.

"ఎంపీ ఎవరైతే మా వంటింటికేమిటి?" అనే ప్రశ్న కూడా తరచు వింటుంటాం. కుళాయి నీళ్ళు, వీధి దీపాలు, చెత్తబండి, ఇవి కార్పొరేషను పనులు. బియ్యం కార్డు, ఆసుపత్రి, బడి, కరెంటు, ఇవి ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వం చూసేవి. రైళ్ళు, బ్యాంకులు, తపాలా, ఆదాయపు పన్ను, జాతీయ రహదారులు, దేశరక్షణ, ఇవి కేంద్రానివి. గ్యాసు బండ ధర పెరిగినా తగ్గినా ఆ చర్చ పార్లమెంటులోనే జరుగుతుంది. పోస్టాఫీసులో మనం దాచుకున్న నాలుగు రూకల మీద వడ్డీ ఎంతో నిర్ణయించేది కేంద్రమే. ఇంటి ఖర్చుల పుస్తకం రాసేవారికి ఢిల్లీ మరీ అంత దూరం కాదు.

మరి పేరు సంగతి చూసుకోవడం ఎలా? చెబుతాను, కాగితం కలం దగ్గర పెట్టుకోండి.

ఓటరు కార్డు బీరువాలో భద్రంగా వుంది కదా అని ధీమాగా వుండకండి. కార్డు వేరు, జాబితా వేరు. కార్డు వున్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. జాబితాలో పేరు వుండి కార్డు కనబడకపోతే మాత్రం ఆధార్ కార్డో, ఫోటో వున్న బ్యాంకు పాసుపుస్తకమో, ఎన్నికల కమిషను ఒప్పుకున్న మరో గుర్తింపు కాగితమో చూపించి వేయవచ్చు. అంటే అసలు ఆధారం జాబితాయే.

ప్రతి పోలింగు కేంద్రానికీ ఒక బి.ఎల్.ఓ. వుంటారు. బూతు స్థాయి అధికారి అన్నమాట. వారి దగ్గర జాబితా వుంటుంది. 1950 నంబరుకి ఫోను చేసినా తెలుసుకోవచ్చు. ఇంట్లో పిల్లల చేత ఫోనులోనూ చూపించుకోవచ్చు. కొత్తగా పేరు ఎక్కించడానికి 6వ నంబరు ఫారం. ఇల్లు మారినా, పేరులో అక్షరం తప్పు పడినా, ఫోటో తారుమారైనా 8వ నంబరు ఫారం. చనిపోయినవారి పేరు తీయించడానికి 7వ నంబరు ఫారం. ఆరు కొత్తదానికి, ఏడు తీసివేతకి, ఎనిమిది మార్పుకి అని గుర్తుపెట్టుకోండి. రెండుచోట్ల పేరు వుండడం చట్టవిరుద్ధం, కనుక పుట్టింటి నుంచి అత్తింటికి మార్పించుకునేటప్పుడు 8వ ఫారమే నింపాలి.

పోయినవారి పేరు తీయించడానికి మనసొప్పదు. అత్తగారి పేరో మామగారి పేరో కొట్టేయమని మనమే రాసివ్వడం బాధే. కాని ఆ పేరు అక్కడ వున్నన్నాళ్ళూ ఇంకెవరో ఆ ఓటు వేసే ప్రమాదం వుంది. వారి పేరు మీద దొంగ ఓటు పడకుండా చూడటం కూడా వారికి మర్యాద చేయడమే.

18 ఏళ్ళు నిండేవారికి ఏడాదిలో నాలుగు తేదీలున్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఆ తేదీకి 18 నిండితే చాలు. 17 దాటాక ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మగపిల్లవాడికి గడ్డం గీసుకునే సరంజామా కొనిచ్చినట్టే, ఆడపిల్లకి తొలి పట్టుచీర కొన్నట్టే, ఇదీ ఒక ముచ్చటగా చేయించండి.

జాబితాను ముందు ముసాయిదాగా ప్రకటిస్తారు. అభ్యంతరాలు విన్నాక తుది జాబితా వేస్తారు. చూసుకోవలసింది ముసాయిదా దశలోనే. 2025లో బీహారులో జాబితా కొత్తగా తయారుచేసినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పాత పేర్లు కనబడలేదు. చనిపోయినవారు, ఊరు విడిచినవారు, రెండుచోట్ల వున్నవారు అని కారణాలు చెప్పారు. ఎవరి పేరు ఏ కారణాన పోయిందో ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా ప్రకటించాక కూడా చూసుకోవలసింది ఎవరికి వారే. పోలింగు రోజు పొద్దున్న బూతు దగ్గర పోట్లాడితే పేరు ఎక్కదు.

ఇంకో మాట. మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ పేరు జాబితాలో వుందో లేదో ఎప్పుడైనా అడిగామా? ఏలూరు కాలవ గట్టు మీద, రైవస్ కాలవ గట్టు మీద పాకలు వేసుకున్నవారు, అద్దె కట్టలేక ఏడాదికో ఇల్లు మారేవారు, వీరి పేర్లే ముందు జారిపోతాయి. ఇంటి కాగితాలు లేనంత మాత్రాన ఓటు లేకుండా పోదు. ఇల్లే లేనివారి విషయంలో కూడా, ఇచ్చిన చోట ఆ మనిషి నిజంగా వుంటున్నారో లేదో అధికారి రాత్రిపూట వెళ్ళి చూసి పేరు రాయవలసి వుంది. చదువురాని ఆవిడకి ఒక ఫారం నింపి పెట్టడం మనకి పది నిమిషాల పని.

ఇక పోలింగు రోజు. ఆడవారికి వేరే వరస వుంటుంది. లోపలికి వెళ్ళగానే మొదటి అధికారి జాబితా చూసి మన పేరు, నంబరు పైకి చదువుతారు. ఏజెంట్లు తమ దగ్గరున్న జాబితాతో సరిచూసుకుంటారు. గమనించండి, ఆ గదిలో నలుగురి ముందు వినిపించేది మన సొంత పేరు. రెండో అధికారి ఎడమ చేతి చూపుడు వేలికి సిరా పూసి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ ఇస్తారు. ఆ సిరా మైసూరులో తయారవుతుంది, 1962 నుంచి మన ఎన్నికలలో వాడుతున్నారు. చీటీ ఇచ్చాక మూడో అధికారి యంత్రాన్ని సిద్ధం చేస్తారు. అట్ట మరుగున మనం ఒక్కరమే వుంటాం. అభ్యర్థి పేరు, ఫోటో, గుర్తు చూసుకుని పక్కనున్న నీలం మీట నొక్కాలి. పక్క పెట్టెలో ఒక చీటీ ఏడు సెకన్లు కనబడి లోపల పడిపోతుంది. మనం నొక్కిన గుర్తే అందులో వుందో లేదో కంగారు పడకుండా చూసుకోవాలి. "బీప్" అన్న చప్పుడు వింటే ఓటు పడినట్టు. ఎవరూ నచ్చకపోతే అన్నిటికన్నా కింద ఆ మీట కూడా వుంటుంది. 2013 నుంచి వచ్చింది.

మన రాష్ట్రంలో 2024 మే 13న జరిగినట్టు లోక్‌సభకీ శాసనసభకీ ఒకేరోజు ఎన్నికయితే రెండు ఓట్లు. లోక్‌సభ యంత్రం మీద తెల్ల కాగితం, శాసనసభ యంత్రం మీద గులాబీరంగు కాగితం వుంటుంది. ఒకటి వేసి ఇంటికి వచ్చేయకూడదు.

పెద్దవారికి బాలెట్టు కాగితం మీద స్వస్తిక్ ముద్ర గుద్ది మడతపెట్టిన రోజులు గుర్తుంటాయి. అంతకుముందు 1952లో ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక పెట్టె, దాని మీద గుర్తు. నచ్చినవారి పెట్టెలో కాగితం వేసి రావడమే. పద్ధతులు మారినా ఒకటి మాత్రం మారలేదు. మన ఓటు ఎవరికో మనం చెబితే తప్ప ఇంకొకరికి తెలియదు.

ఒకవేళ మీరు వెళ్ళేసరికే మీ ఓటు ఎవరో వేసేశారని చెబితే ఏడుపుమొహంతో తిరిగి రాకండి. మీరే ఆ మనిషని రుజువు చూపించి ప్రిసైడింగు ఆఫీసరుని అడిగితే టెండరు బాలెట్టు ఇస్తారు. కాగితం మీద ముద్ర వేసి ఇస్తే దాన్ని విడిగా భద్రపరుస్తారు. అడగడం మీ హక్కు.

చివరిగా కాస్త సున్నితమైన విషయం. ఓటు ఎవరికి వేయాలన్నది చాలా ఇళ్ళల్లో భోజనాల దగ్గర మగవారు తేల్చేస్తారు. "మన ఇంట్లో ఓట్లు నాలుగు" అని బయట మాట కూడా ఇచ్చి వస్తారు. దానికి ఇంట్లో యుద్ధం చేయనక్కరలేదు. వారు చెప్పింది వినండి, పేపరు చదవండి, అభ్యర్థులు ఇచ్చిన ప్రమాణపత్రాలు చూడండి. ఆస్తులెంత, అప్పులెంత, చదువేమిటి, కేసులేమన్నా వున్నాయా అన్నవి ప్రతి అభ్యర్థీ రాసివ్వాలి. 2003 నుంచి ఇది తప్పనిసరి. పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఎన్ని ఆరాలు తీస్తాం! ఐదేళ్ళు మన తరఫున మాట్లాడే మనిషికి అందులో సగమైనా తీయవద్దా? అన్నీ చూశాక మీ మనసుకి ఏది సబబనిపిస్తే అది చేయండి. అందరిదీ ఒకే మాటయితే మంచిదే, కాకపోయినా కాపురానికి వచ్చిన నష్టం లేదు.

పోలింగు ముందు రాత్రి తలుపు తట్టి కవరు ఇచ్చేవారి విషయంలో కూడా ఇల్లాలి లెక్కే వేద్దాం. ఐదేళ్ళంటే 1826 రోజులు. ఓటుకి వెయ్యి రూపాయలిచ్చారనుకుంటే రోజుకి 55 పైసలు. కొత్తిమీర కట్ట కూడా రాదు. పైగా ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు పుచ్చుకున్నాక కుళాయి రాలేదనో ధరలు పెరిగాయనో అడగబోతే "నీకు ఇవ్వవలసింది ఇచ్చేశాంగా" అనే మాట వినవలసి వస్తుంది.

పాలవాడి లెక్క, గ్యాసు వచ్చిన తేదీ, పిల్లల ఫీజు గడువు మనం వంటింటి క్యాలెండరు మీదే రాసుకుంటాం. అక్కడే ఆ నాలుగు తేదీలు కూడా గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. ఆ రోజున ఇంట్లో అందరి పేర్లూ, పెళ్ళయి వెళ్ళిన అమ్మాయి పేరూ, కొత్తగా వచ్చిన కోడలి పేరూ, పనిమనిషి పేరూ జాబితాలో వున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. కోడలి పేరు ఇంకా పుట్టింటి జాబితాలోనే వుంటే, వచ్చే పండగకి చీరతో బాటు 8వ నంబరు ఫారం కూడా ఆ అమ్మాయి చేతిలో పెట్టండి.